పసుపు చుక్కకు ఇవతల

జూన్ పదహారవ తేదీ ఉదయం, రాత్రి వానకు తడిసి ఇంకా ఆరని రెండో కోర్టు పక్కన, ఒక చేతిలో నియామక ఉత్తర్వూ మరో చేతిలో తీగలు వదులైన రాకెట్టూ పట్టుకుని, "ఎక్కడ సంతకం పెట్టాలండీ?" అని నీళ్లు ఊడుస్తున్న తోటమాలిని అడిగిన సన్నపాటి యువకుడే, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన క్రీడాప్రాంగణ ప్రధాన టెన్నిస్ శిక్షకులు. ఆనాడు ఆరంభమైన వారి సేవ మూడు దశాబ్దాలు దాటి, ఎందరో పిల్లల మోకాళ్లనూ, వచ్చిపోయిన మేనేజర్ల ఓర్పునూ, నాలుగు కోర్టుల సిమెంటునూ సమానంగా అరగదీసి, నేటికి సగౌరవంగా ముగింపునకు చేరుకున్నది. కార్యాలయ పుస్తకాలలో వారికొక పేరున్నది గానీ ఆ పేరుతో పిలిచినవారు లేరు. అందరికీ వారు చుక్క మాస్టారు. కొత్తగా కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక తండ్రి ఆ పేరు విని, "ఆయనకి మందు అలవాటుందా అండీ?" అని మన గుమాస్తాగారిని చాటుకు పిలిచి అడిగాడట. "ఆయన తాగరండీ. పిల్లల్ని మంచినీళ్లు కూడా తాగనివ్వరు" అని గుమాస్తాగారు ధైర్యం చెప్పారట.

ఈ పుటలలో మొదట వేరొక వ్యాసం ఉండవలసింది. అందులో మాస్టారి చుక్కను గురించి చక్కని విశేషణాలు ఉన్నాయి, అచ్చుకు కూడా సిద్ధమైంది. సన్మానసభ జరిగిన మర్నాడు మాస్టారు స్వయంగా ఈ సంచిక పని జరుగుతున్న గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "అది వేయకండి. జరిగింది రాయండి. మా ఇంట్లోవాళ్లు చదువుతారని మొహమాటపడొద్దు, వాళ్లకి తెలియంది ఏమీ లేదు" అన్నారు. సన్మానం పొందిన మనిషే అడిగాక కాదనడం సభ్యత కాదు. కనుక ఈ అభినందనలో పొగడ్తతోపాటు వారి సిగ్గు కూడా వారి కోరిక మీదనే చోటు చేసుకున్నది.

బంతిని కొట్టి, అది ఎంత అందంగా వెళుతున్నదో చూసుకుంటూ, కొట్టినచోటే బొమ్మలా నిలబడిపోవడం కొత్తగా టెన్నిస్ నేర్చుకునేవారందరికీ ఉండే జబ్బు. దెబ్బ ఎంత గొప్పదైనా బంతి తిరిగి వస్తుంది. అది వచ్చేలోగా ఆటగాడు మళ్లీ సిద్ధంగా ఉండాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే మాస్టారు ఈ జబ్బుకు ఒక మందు కనిపెట్టారు. ప్రాంగణం గేటుకు వేయగా మిగిలిన పసుపు రంగుతో, ప్రతి కోర్టులోనూ వెనుకగీత నడిమధ్యన, అరచేయంత చుక్క పెట్టారు. బంతిని ఏ మూల నుంచి కొట్టినా, ఎటువైపు కొట్టినా సరే, మరుక్షణం పరిగెత్తుకొచ్చి బొటనవేలితో ఆ చుక్కను తాకవలసిందే. "కొట్టావా? చుక్కకి రా!" అన్న కేక ఉదయం పాలవాళ్లకంటే ముందే మన వీధిని లేపేది. చుక్క తాకని పిల్లవాడు కోర్టు చుట్టూ పరుగులు తీయాలి. మాట వినని వాళ్లకు నిజంగానే చుక్కలు కనిపించేవి.

పద్ధతి పనిచేసినట్టే కనిపించింది. బొమ్మల్లా నిలబడే పిల్లలు కదలడం నేర్చుకున్నారు, చిన్న పోటీలలో బహుమతులు తెచ్చారు, మాస్టారు కనిష్ఠ శిక్షకుల హోదా నుంచి శిక్షకుల హోదాకు ఎదిగారు. పక్క ఊళ్ల శిక్షకులు వచ్చి చుక్కను కొలుచుకుని వెళ్లారు. "కొట్టిన బంతిని బట్టి నిలబడే చోటు కూడా మారాలేమో కదండీ?" అని వాళ్లలో ఒకరు సందేహంగా అడిగితే, "ముందు చుక్కకి రమ్మనండి, తర్వాత వేదాంతం చెబుదురు గాని" అని మాస్టారు అందరూ నవ్వేలా జవాబిచ్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులు మన ప్రాంగణంలో చాలామంది ఉన్నారు, కానీ ఆ కుందేలుకు పసుపు రంగు వేసి ఊరందరికీ చూపించినవారు మాస్టారొక్కరే.

ఆ రోజుల్లోనే వారి చెల్లెలి కూతురు కోర్టుకు వచ్చింది. మేనమామ చెబితే వేదం అనుకునే వయసు. మిగతా పిల్లలు మాస్టారు చూస్తున్నప్పుడే చుక్కను తాకేవారు. ఆ అమ్మాయి ఎవరూ లేనప్పుడు కూడా తాకేది. ఇంట్లో వంటగదిలోంచి హాల్లోకి పరిగెత్తేటప్పుడు సైతం గుమ్మం మధ్యలో బొటనవేలు ఆనించేదని వాళ్లమ్మ చెప్పి నవ్వేది. పద్నాలుగో ఏట ఆ అమ్మాయి జిల్లాలన్నిటి బాలికల పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. ప్రాంగణమంతా అద్దె బస్సులో కదిలి చూడటానికి వెళ్లింది.

అవతలి అమ్మాయి అంతకన్నా గట్టిగా కొట్టేదేమీ కాదు. కొద్దిసేపు ఆడాక ఒక్క సంగతి కనిపెట్టింది. మన అమ్మాయి ప్రతి దెబ్బ తరువాతా కోర్టు మధ్యకు తల వంచుకుని పరిగెత్తుతుంది. అంతే, అక్కణ్ణుంచి బంతిని ఖాళీ చోటుకు కాకుండా, మన అమ్మాయి అప్పుడే వదిలి వచ్చిన మూలకే పంపడం మొదలుపెట్టింది. మన అమ్మాయి మధ్యకు దూసుకుపోతూ ఉంటుంది, బంతి వెనకాల పడుతుంది. ఆగబోతే కాళ్లు జారతాయి, తిరగబోతే మోకాళ్ల మీద పడుతుంది. లేచి, మోచేతులు దులుపుకుని, తరువాతి బంతికి మళ్లీ మధ్యకే పరిగెత్తుతుంది. ఆ కోర్టులో పసుపు చుక్క లేదు, అయినా లేని చుక్కను కూడా ఆ పిల్ల తప్పకుండా తాకింది.

ఓడి బయటకు వచ్చిన అమ్మాయిని మాస్టారు బస్సు పక్కన, తల్లిదండ్రులూ తోటిపిల్లలూ చూస్తుండగా నిలబెట్టి, "ఎన్నిసార్లు చెప్పాను? ఇంకాస్త ముందు చేరుంటే ఆ బంతులు అందేవి కావూ? మొద్దు కాళ్లు! మన ఇంటి పరువు తీశావు" అన్నారు. ఆ అమ్మాయి తిరుగుప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని మోకాలి మీద ఎండిన రక్తాన్ని గోటితో గీకుతూ ఉండిపోయింది. మర్నాడు ఉదయం ఆ అమ్మాయి చేత మాస్టారు ఒంటరిగా చుక్క పరుగులు తీయించారు. ఆ వారం తరువాత ఆ అమ్మాయి ఆటకు రాలేదు. "చదువుమీద పడింది" అని మాస్టారు అందరితో అన్నారు, తానూ అదే నమ్మారు.

ఆపై వారి ఉద్యోగజీవితం ఒడిదుడుకులు లేకుండా సాగి, వారు ప్రధాన శిక్షకుల స్థానాన్ని అలంకరించారు. ఆ హోదాలోనే, ఇప్పటికి కొన్నేళ్ల కిందట, శిక్షకుల పునశ్చరణ తరగతులకు మన ప్రాంగణం తరఫున వెళ్లారు. పాఠం చెబుతున్నది వారి వయసులో సగం కూడా లేని ఒక శిక్షకురాలు. హాలు నేల మీద సుద్దతో కోర్టు గీసి, "దెబ్బ కొట్టాక ఎక్కడికి రావాలో ఎవరు చూపిస్తారు?" అని ఆమె అడిగితే, ఇంకెవరైనా లేస్తారేమోనన్న కంగారులో మాస్టారు కుర్చీ తన్నుకుంటూ లేచారు.

ఆమె మాస్టారిని కుడి మూలన నిలబెట్టి, బంతిని ఐమూలగా అవతలి మూలకు కొట్టారనుకోమన్నది. ఆ అవతలి మూలన ఒకరిని నిలబెట్టి, వారి చేతి నుంచి రెండు తాళ్లు లాగించింది. ఒకటి అక్కడి నుంచి ఇటు కుడివైపు కొట్టగలిగినంత దూరానికి, రెండోది ఎడమవైపు కొట్టగలిగినంత దూరానికి. "ఇప్పుడు రెండు తాళ్లకీ సమానదూరంలో నిలబడండి సార్" అన్నది. మాస్టారు అలవాటుగా కోర్టు మధ్యకు నడిచి ఠీవిగా నిలబడి కిందికి చూశారు. ఎడమవైపు తాడు దగ్గరగా ఉంది, కుడివైపు తాడు ఎంతో దూరంగా ఉంది. సరైన చోటు మధ్యలో లేదు. మధ్యకు ఇవతల, తాను ఏ మూల నుంచి బంతి కొట్టారో ఆ వైపే ఉంది. అదే బంతిని గీత వెంబడి తిన్నగా కొట్టి ఉంటే మధ్యను కూడా దాటి వెళ్లవలసి వచ్చేదని ఆమె తాళ్లు మార్చి చూపించింది. "ఇంకో మాట సార్. సరైన చోటుకి చేరకపోయినా పరవాలేదు. అవతలి మనిషి కొట్టే క్షణానికి ఎక్కడుంటే అక్కడ ఆగి, చిన్న గెంతు వేసి, రెండు కాళ్ల మీదా సమంగా ఉండాలి. పరిగెత్తుతూ మాత్రం ఉండకూడదు."

ఆమె దృష్టిలో అది మామూలు పాఠం. తోటి శిక్షకులు తలలూపి టీకి వెళ్లిపోయారు. మాస్టారు మాత్రం తాళ్ల మధ్య నుంచి కదలలేకపోయారు. జారిపడి లేచి మళ్లీ మధ్యకే పరిగెత్తుతున్న పిల్ల కళ్ల ముందు కనిపించింది. ఆలస్యంగా చేరడం వల్ల కాదు, చెప్పినచోటుకు చెప్పినట్టు చేరడం వల్ల ఓడింది. తల కొట్టేసినట్టయింది వారికి. ఆ పూట టీ కూడా తాగలేదు.

తిరిగివచ్చాక మాస్టారు ఒక ఆదివారం, కోర్టులు మూసి ఉన్నప్పుడు, ఇనుప బ్రష్షుతో నాలుగు చుక్కలనూ గీకిపారేశారు. పాఠం మార్చారు. తాళ్లు తెచ్చారు, గెంతు నేర్పారు, నిజం చెప్పాలంటే వారి అత్యుత్తమ శిక్షణ ఈ చివరి ఏళ్లలోనిదే. కానీ ఎందుకు మార్చారో ఎవరికీ చెప్పలేదు. తోటమాలి అడిగితే "రంగు పోయిందయ్యా" అన్నారు, మేనేజర్‌గారు అడిగితే "కొత్త పద్ధతులండీ" అన్నారు. ఎవరైనా పాత చుక్కను మెచ్చుకుంటే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చటుక్కున మాట మార్చేవారు. మనమందరం దాన్ని వినయం అనుకుని మరింత మెచ్చుకున్నాం. వారు తేలు కుట్టిన దొంగలా ఆ మెప్పును భరించారు.

మేనకోడలు ఇదే ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్నది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో మేనమామా మేనకోడలూ కలుసుకుంటూనే ఉన్నారు. చెప్పాలని నోటిదాకా వచ్చేది, ఎవరో ఒకరు మంచినీళ్లు అడిగేవారు, మాట వెనక్కి వెళ్లిపోయేది. ఈ ఏడాది ఒక భోజనాల వేళ, బడిలో పరుగుపందెంలో పేరెందుకు ఇవ్వలేదని మేనకోడలి కూతురిని మాస్టారే సరదాగా అడిగారు. "మన ఇంట్లో ఆడవాళ్లవి మొద్దు కాళ్లు కదా తాతయ్యా. అమ్మమ్మ చెప్పింది" అన్నది ఆ పిల్ల, అన్నం కలుపుకుంటూ. ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు చేతిలోని ముద్దను తిరిగి కంచంలో పెట్టేశారు. ఒక సాయంత్రం కోపంతో తాను అన్న మాట తన చెల్లెలి నోటిగుండా ప్రయాణం చేసి, అప్పటికి ఇంకా పుట్టని పిల్ల కాళ్లను కూడా పట్టుకున్నది.

ఆ రాత్రి విషయమంతా విన్న వారి ధర్మపత్ని, "ఇన్నేళ్లూ ఊళ్లో పిల్లలందరికీ తిరిగి రావడం నేర్పావు. చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్లడానికి నీకు దారి తెలియలేదా?" అన్నారు. మరునాడు మాస్టారు కళ్లజోడు నెపంతో దుకాణానికి వెళ్లారు. మేనకోడలు ఆయన్ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ ఎదురుగా అక్షరాల పలక చూపించింది.

"చదువు మావయ్యా."

మాస్టారు చదవలేదు. "ఆ రోజు తప్పు నీది కాదమ్మా" అన్నారు. "నువ్వు ప్రతిసారీ చేరావు. చేరమన్న చోటే తప్పు."

ఆమె మళ్లీ ఒక అద్దం తీసి ఇంకొకటి పెట్టింది. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"అమ్మడూ..."

"నువ్వు చుక్కలు చెరిపేసిన వారమే చూశాను మావయ్యా. పాపని ప్రాంగణంలో ఈతకి తీసుకొచ్చి, కంచె దగ్గర నిలబడి చూశా. పిల్లలు మధ్యలోకి పరిగెత్తట్లేదు. అక్కడక్కడే ఆగి గెంతుతున్నారు. అప్పుడే అర్థమైపోయింది. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకున్నా."

"మరి నువ్వైనా అడగలేదేం?"

"నేనెందుకు అడగాలి?" అన్నది ఆమె, గొంతు పెంచకుండానే. "నన్ను బస్సు పక్కన నిలబెట్టి అందరి ముందూ అన్నావు. ఇప్పుడు షాపులో తలుపు దగ్గరికి వేసి చెబుతున్నావు. అది సరిపోదు మావయ్యా. సన్మానం చేస్తున్నారటగా? అక్కడ చెప్పు."

ఫ్రేము ఇంకా ముక్కు మీదే ఉంది. అద్దాల్లోంచి ఆమె ముఖం పెద్దదిగా, మసకగా కనిపించింది. మాస్టారు సరేనన్నారు.

సభ రెండో కోర్టులోనే జరిగింది. మాస్టారిని ఆశ్చర్యపరచాలని మన సిబ్బంది సంఘం కొత్త పసుపు రంగు కొని, పాత చోటనే చుక్క మళ్లీ పెట్టించింది. పూర్వ విద్యార్థులందరూ ఒక్కొక్క బంతి కొట్టి, పరిగెత్తుకొచ్చి దాన్ని తాకాలన్నది కార్యక్రమం. దాన్ని చూడగానే మాస్టారి ముఖం వాడి, కళ్లు చెమర్చాయి, మనం ఆనందబాష్పాలనుకున్నాం. ప్రసంగాలయ్యాక వారు మైకు ముందుకు వచ్చారు. మేనేజర్‌గారికి కృతజ్ఞతలు చెప్పారు, తోటమాలికి చెప్పారు, ధర్మపత్నికి చెప్పారు. చివరి వరుసలో కూతురి పక్కన కూర్చున్న మేనకోడలి మీద చూపు పడింది. గొంతు సవరించుకున్నారు. "అందరికీ నమస్కారం" అని వచ్చి కూర్చున్నారు. "అయిపోయిందా? అసలుది ఏదీ?" అని భార్య చెవిలో అడిగితే, మాస్టారు వంగి, ఊడని బూటు తాడును మళ్లీ కట్టుకున్నారు. ఆ క్షణంలో తనంత పిరికివాడు ఆ కోర్టులో ఇంకొకడు లేడని వారే తరువాత అన్నారు.

విద్యార్థులు వరుసగా వచ్చారు. పొట్టలు పెరిగినవారూ, తల నెరిసినవారూ బంతి కొట్టడం, "చుక్కకి రా!" అని అందరూ అరవడం, వారు ఆయాసపడుతూ బొటనవేలు ఆనించడం, నవ్వులు, చప్పట్లు. ఆఖరున మేనకోడలు లేచింది. చెప్పులు కూతురి చేతికిచ్చి, ఎవరిదో రాకెట్ అడిగి తీసుకుని, కుడి మూలన నిలబడింది. వచ్చిన బంతిని ఐమూలగా అవతలి మూలకు కొట్టింది. మధ్యవైపు కొన్ని అడుగులు వేసి, చుక్కకు బాగా ఇవతలే చిన్న గెంతు వేసి ఆగిపోయింది.

"చుక్కకి రా!" అన్నారు అందరూ. "మరిచిపోయింది పాపం!" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

"రాను" అన్నది ఆమె. "నేను ఇక్కడే ఉంటాను." చూపు మాత్రం మాస్టారి మీద ఉంది.

మాస్టారు లేచారు. మైకు తీగ అంతదూరం రాలేదు, వదిలేసి కోర్టులోకి నడిచారు. "నవ్వకండి. అమ్మాయి నిలబడిందే సరైన చోటు. చుక్క తప్పు. మొదటి రోజు నుంచీ తప్పే. నాకు తెలిసి కొన్నేళ్లయింది, సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పకుండా కూర్చున్నాను" అన్నారు. తరువాత బంతులు అందిస్తున్న యువ శిక్షకుడి వైపు తిరిగి, "బాబూ, ఆమె వెనక్కి వెయ్యి. వదిలొచ్చిన మూలకే" అన్నారు.

బంతి కుడి మూలకు వెళ్లింది. మేనకోడలు అక్కడికి తేలిగ్గా చేరి తిప్పికొట్టింది.

"ఆ రోజు ఫైనల్లో పోయిన బంతులన్నీ ఇవే" అన్నారు మాస్టారు. "నా మాట విన్నందుకు పోయాయి. వినని వాళ్లని పరుగులతో సరిపెట్టాను నేను. విన్న పిల్లని అందరి ముందూ మొద్దు కాళ్లన్నాను."

పూర్వ విద్యార్థులలో కాస్త భారీగా ఉన్న ఒకాయన, ఇంకా ఆయాసం తీరక, "అంటే మాస్టారూ, మేమంతా ఇన్నేళ్లూ తప్పు చోటికే పరిగెత్తామా?" అని అడిగాడు. "అవును నాయనా" అన్నారు మాస్టారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సన్మానపత్రం పట్టుకుని నిలబడ్డ మేనేజర్‌గారు దాన్ని ఏంచేయాలో తోచక గుమాస్తాకు ఇచ్చారు. మేనకోడలు రాకెట్ తిరిగి ఇచ్చేసి, చెప్పులు వేసుకుని, మాస్టారి పక్కనుంచి వెళుతూ, "కళ్లజోడు తయారైంది. వచ్చి పట్టుకెళ్లు" అన్నది.

ఇకమీదట తమను చుక్క మాస్టారని పిలవవద్దని వారు మనలను కోరారు. ఈ ఒక్క కోరికను మన్నించడం కష్టమని సవినయంగా మనవి చేస్తున్నాం, ఎందుకంటే అది అప్పుడే చేయి దాటిపోయింది. సభ తరువాతి సోమవారం మేనకోడలి కూతురు, తల్లి పాత రాకెట్ పట్టుకుని, రెండో కోర్టుకు వచ్చింది. చుక్కను మాస్టారు అంతకుముందే గీకేశారు, కొద్దిగా పసుపు మరక మిగిలి ఉంది. ఆ పిల్ల దాన్నీ మాస్టారినీ మార్చి మార్చి చూసి, "చుక్క తాతయ్యా, కొట్టాక నేనెక్కడ నిలబడాలి?" అని అడిగింది. మాస్టారు కొత్త కళ్లజోడు సరిచేసుకుని, ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "బంతి ఎక్కడికి కొట్టావో ముందు నువ్వు చెప్పమ్మా" అన్నారు. ఆ పిల్ల చెప్పే ప్రతి జవాబునూ విని, ఆ తరువాతనే చోటు చూపించడానికి సరిపడినంత ఆయుష్షూ, అలా కూర్చుని లేవడానికి సరిపడినంత మోకాళ్ల బలమూ, ఇంటిల్లిపాదితో మనశ్శాంతీ మన మాస్టారికి నిండుగా కలగాలని సహోద్యోగులందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం.